కలపాలా, గుణించాలా నాయనా?

సంపాదకులకు నమస్కారం.

నాలుగు, ఐదు తరగతుల లెక్కల్లో దీర్ఘచతురస్రానికి చుట్టుకొలత కనుక్కోవడం, వైశాల్యం కనుక్కోవడం అని వస్తాయి కదా, ఆ రెండూ పిల్లలు బాగానే చేస్తున్నారు, మార్కులూ పడుతున్నాయి, అయినా ఆ లెక్క వాళ్లకు రాలేదనే నేనంటాను. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం. నేను టీచర్ని కాను. ఎర్రగుంట్ల వైపు చిన్న బండల డిపో పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నేను చేసేవి ఈ రెండు లెక్కలే, ఇంకేం లేదు.

బయటి ఊళ్లలో కడప బండ అనేది మా దగ్గర దొరికే నాపరాయినే. ఇంట్లో కింద పరిచేదీ, మెట్లకు వేసేదీ, వంటింటి గట్టుకూ అరలకూ పెట్టేదీ అదే. ఇల్లు కట్టుకునేవాళ్లు బేల్దారి మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తారు. వచ్చినవాళ్లు ఒక్క గదికి కూడా రెండు రకాల కొలతలు చెప్పాలి. కింద పరిచేదానికి చదరపు అడుగులు. గోడ వారన నాలుగంగుళాల ఎత్తున అతికించే పట్టీ, స్కర్టింగ్ అంటాం, దానికి రన్నింగ్ అడుగులు, అంటే ఉత్త పొడవు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గది అనుకోండి. పరచడానికి 120 చదరపు అడుగుల బండ పడుతుంది, కటింగులో పోయేదానికి ఇంకొంచెం కలుపుకుంటాం అది వేరే. గోడల చుట్టూ 44 అడుగులు, వాకిలి మూడడుగులు తీసేస్తే 41. ఒకే గది, ఒకే టేపు, అవే రెండు అంకెలు. ఒకచోట గుణించాం, ఒకచోట కూడాం. బిల్లులో పక్కపక్కనే రాస్తాం, రేటు దేనిది దానిదే.

మా చిన్నోడు ఐదో తరగతి. పొడవు 12, వెడల్పు 10 అయితే చుట్టుకొలత ఎంతరా అంటే 44 అంటాడు, వైశాల్యం ఎంతరా అంటే 120 అంటాడు, ఠక్కున. నోట్‌బుక్కులో అన్నిటికీ ఎర్ర టిక్కులే. ఒక ఆదివారం డిపోలో కూర్చుని ఉంటే అవే అంకెలు వేరేగా అడిగాను. ఈ కొలతల గదికి గోడ వారన పట్టీ వేయాలి, ఎన్ని అడుగులు పంపించాలో నువ్వే చెప్పు అన్నాను. వాడు వేళ్లు ముడిచి, తెరిచి, నా మొహం చూసి, "కలపాలా, గుణించాలా నాయనా?" అన్నాడు. నువ్వే చూసుకో అంటే కాసేపు ఆలోచించి 120 అన్నాడు. అక్కడే బండలు దించుతున్న మేస్త్రీ నవ్వాపుకోలేక "120 అడుగుల పట్టీ అంటే దగ్గరదగ్గర మూడు గదులకు సరిపోతాదప్పా" అన్నాడు.

వాణ్ణి తప్పు పట్టడానికేం లేదు. వాడికి సూత్రం రాకపోవడం కాదు సమస్య, ఏ సూత్రం వాడాలో వాడెప్పుడూ తేల్చుకోవాల్సిన పని పడలేదు. పరీక్ష పేపరు చూడండి. "చుట్టుకొలత కనుగొనుము" అని ఉంటుంది, లేకపోతే "వైశాల్యం కనుగొనుము" అని ఉంటుంది. ఏం చేయాలో ప్రశ్నే చెప్పేస్తుంది. ఇక పిల్లవాడికి మిగిలేది కూడడం, గుణించడం, ఆ పని వాడికి రెండో తరగతి నుంచీ వచ్చు. పైగా మొదటి అభ్యాసమంతా చుట్టుకొలతే, తర్వాతి అభ్యాసమంతా వైశాల్యమే. ప్రశ్న చదవకుండానే చేసేయొచ్చు. ఈ వారం 2 వేసి బ్రాకెట్ పెట్టాలి, వచ్చే వారం గుణకారం గుర్తు పెట్టాలి, అంతే వాళ్లకు అర్థమయింది.

పిల్లవాడు చదివే బడికి పేరెంట్స్ మీటింగుకు పోయినప్పుడు ఈ మాటే లెక్కల సారుతో అన్నాను. మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. విని, "అట్లా తిప్పి అడిగితే పిల్లలు టెన్షన్ పడతారన్నా, పరీక్షలో కూడా అట్లా అడగరు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, పరీక్షలో అడగరు. కాబట్టి క్లాసులో అడగరు. క్లాసులో అడగరు కాబట్టి పరీక్షలో పెడితే పిల్లలు బెదురుతారని పేపరు రాసేవాళ్లూ అడగరు. ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెగాలి, పేపరు రాసేవాళ్ల దగ్గర తెగడమే సులువని నా అభిప్రాయం.

వంటింటి గట్టు సంగతి చెప్తాను, ఇది ఇంకా బాగుంటుంది. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టు. బండకు 16 చదరపు అడుగుల డబ్బు. అంచు నున్నగా గుండ్రంగా చేయడానికి మాత్రం రన్నింగ్ అడుగుకు ఇంత అని తీసుకుంటారు. సూత్రం ప్రకారం చుట్టుకొలత 20 అడుగులు. కానీ గట్టు వెనకంచు గోడకు ఆనుకుని ఉంటుంది, ఒక పక్క కూడా గోడే. కనిపించేది ముందు వైపు 8, ఇంకో పక్క 2, మొత్తం 10 అడుగులు. 20 అడుగులకు అంచు కొట్టిస్తే సగం డబ్బు గోడలోకి పోయినట్టే. చుట్టుకొలత అంటే ఏంటో తెలిసిన పిల్లవాడు ఈ లెక్క చేస్తాడు, సూత్రం మాత్రమే తెలిసినవాడు 20 అంటాడు. అంచు వెంట వేలు పెట్టి నడిపించుకుంటూ పోయి ఎంత దూరం వచ్చామో చెప్పడమే కదా చుట్టుకొలత, అది వేలితో ఒకసారి చేస్తే చాలు, గోడ దగ్గర వేలు దానంతటదే ఆగుతుంది.

వైశాల్యానికి కూడా అంతే, ముందు లెక్కబెట్టించాలి. మా సీమలో పాత బడుల్లో చాలాచోట్ల కింద పరిచింది బండలే, కొత్తగా బాగు చేసినచోట టైల్స్ వేశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక వరుసలో ఎన్ని, అట్లాంటి వరుసలు ఎన్ని అని పిల్లలే నడుచుకుంటూ లెక్కబెడితే, గుణించడం ఎందుకొచ్చిందో ఒకరు చెప్పాల్సిన పని ఉండదు. వరుసకు 6, వరుసలు 5 అయితే ముప్పై అని వాళ్లే అంటారు. ఆ తర్వాత పొడవు ఇంటూ వెడల్పు అని బోర్డు మీద రాయండి, అది వాళ్లు కనుక్కున్నదే అవుతుంది. చదరపు అడుగు అనే మాట కూడా అప్పుడే అతుక్కుంటుంది, ఎందుకంటే అది అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఒక బండ, తొక్కి చూడొచ్చు. ఇప్పుడేమవుతుందంటే జవాబు 30 అని రాసి, పక్కన సెంటీమీటర్లనో చదరపు సెంటీమీటర్లనో చేతికొచ్చింది రాసేస్తారు, పోతే అర మార్కు పోతుందిలే అని. మా దగ్గర చదరపు అడుక్కీ రన్నింగ్ అడుక్కీ తేడా తెలియకపోతే పోయేది అర మార్కు కాదు.

ఒక చిన్న మాట, ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు. 4 అడుగుల చతురస్రం ఉదాహరణగా ఇవ్వొద్దు సామీ. దాని చుట్టుకొలతా 16, వైశాల్యమూ 16. 3, 6 కూడా అంతే, రెండూ 18. పొడవు వెడల్పులు పూర్తి అంకెలయితే ఇట్లా కలిసేవి ఈ రెండే. పెద్ద తరగతుల్లో ఇవి ఎందుకు కలిశాయని అడిగితే మంచి ప్రశ్నే, కానీ మొదటి రోజే ఇస్తే గుణించినవాడికీ కూడినవాడికీ ఒకే జవాబు వచ్చి, ఎవడికి అర్థమయిందో ఎవడికి కాలేదో సారుకు తెలియకుండా పోతుంది.

రెండు పాఠాలూ ఒకేసారి చెప్తే పిల్లలు కలగాపులగం చేసుకుంటారు, అందుకే విడివిడిగా చెప్తున్నాం అనేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసినంతలో అది తిరగేసిన మాట. పక్కపక్కన పెడితేనే ఏది ఏదో తెలుస్తుంది. 20 అడుగుల తాడు తీసుకోండి. దాంతో బడి ఆవరణలో దీర్ఘచతురస్రం చేయమనండి. 9, 1 అని సన్నగా చేస్తే లోపల పట్టేవి 9 బండలు. 8, 2 చేస్తే 16. 7, 3 చేస్తే 21. 6, 4 చేస్తే 24. 5, 5 చేస్తే 25. తాడు అంగుళం కూడా పెరగలేదు, లోపలి జాగా 9 నుంచి 25కు పోయింది. ఇక తిరగేసి, 24 బండలిచ్చి పరచమనండి. ఒకే వరుసగా పరిస్తే చుట్టూ 50 అడుగులు, రెండు వరుసలుగా అయితే 28, మూడయితే 22, నాలుగయితే 20. బండలు అవే 24. ఇదంతా చేయడానికి ఒక పీరియడ్ చాలు. ఒక పీరియడ్‌లో ఇది చూసిన పిల్ల, చుట్టుకొలత పెద్దదయితే వైశాల్యం కూడా పెద్దదే అని ఇక జన్మలో అనదు. పెద్దవాళ్లు అంటున్నారు ఇప్పటికీ, నా డిపోలోనే అంటున్నారు.

ఇంకోటి కూడా రోజూ వింటుంటాను. "అడుగున్నర బండ ఇంత రేటయితే మూడడుగుల బండ దానికి డబుల్ కదప్పా, నాలుగింతలు చెప్తావేంది" అని. అడుగున్నర అడుగున్నర అంటే 2.25 చదరపు అడుగులు. మూడు మూళ్లు 9. నాలుగింతలే. రెండు వైపులా రెట్టింపయింది మరి. నేను కాగితం మీద గీసి చూపిస్తాను, కొందరు ఒప్పుకుంటారు, కొందరు నేనేదో మోసం చేస్తున్నట్టు పక్క డిపోకు పోతారు, అక్కడా అదే చెప్తారు.

బండలమ్మేవాడికి కావాలి గానీ అందరికీ ఎందుకు ఈ గొడవ అంటారేమో. మన జిల్లాల్లో పొలం ఉన్నవాళ్ల మాటల్లో సెంటు, ఎకరా రాని రోజు ఎక్కడుంది? ఎకరా 43,560 చదరపు అడుగులు, అందులో నూరో వంతు సెంటు, 435.6. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు, అంటే 66 అడుగులు, 660 అడుగులు ఉన్న చేను సరిగ్గా ఎకరా. దాని చుట్టూ 1,452 అడుగులు. అదే ఎకరా నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 209 అడుగులకు కాస్త తక్కువ, చుట్టూ దాదాపు 835. పందులకూ జింకలకూ భయపడి తీగ కంచె వేయించాలంటే, పదడుగులకు ఒక రాతి స్తంభం లెక్కన ఒకాయనకు 84, ఇంకొకాయనకు 145 దాకా పడతాయి. పాస్‌బుక్కులో ఇద్దరికీ ఎకరానే.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఇక్కడ చేయించిన పెద్ద పనుల్లో పొలాల సర్వే ఒకటి. శిస్తు వేయాలి కాబట్టి సర్కారుకు కావాల్సింది వైశాల్యం. అప్పుడూ అంతే, మొన్నటి రీసర్వేలోనూ అంతే, కాగితం మీద ముఖ్యంగా చూసేది విస్తీర్ణమే. చుట్టుకొలత అవసరం రైతుది, గట్టు వేసుకునేది, కంచె కట్టుకునేది ఆయన కాబట్టి. విత్తనానికీ మందుకూ వైశాల్యం చూస్తాడు, తీగకూ స్తంభాలకూ చుట్టుకొలత చూస్తాడు. ఏ అంగడికి పోతే ఏ లెక్క వేయాలో సంవత్సరంలో ఎన్నోసార్లు తేల్చుకుంటాడు, ఎవరూ ఆయనకు "వైశాల్యం కనుగొనుము" అని చెప్పరు.

అన్నదమ్ముల పంపకాలు చూడండి. పైన చెప్పిన 66, 660 అడుగుల చేనునే ఇద్దరు పంచుకుంటే, అడ్డంగా కోస్తే ఒక్కొక్కరికి 66, 330. చుట్టూ 792 అడుగులు. నిలువునా కోస్తే 33, 660, చుట్టూ 1,386. ఎటు కోసినా చెరి యాభై సెంట్లే. దారి 66 అడుగుల వైపు ఉంటే ఇద్దరూ నిలువునా కోయమనే అంటారు, ఎందుకంటే అప్పుడే ఇద్దరికీ దారి వస్తుంది. దారి కోసం కంచె ఖర్చు ఎంత ఎక్కువ పెట్టుకుంటున్నారో ముందే తెలిస్తే ఇద్దరికీ కలిపి ఒక బండిదారి వదులుకుని అడ్డంగా కోసుకోవడం మేలేమో కూర్చుని ఆలోచిస్తారు. ఇది ఐదో తరగతి లెక్క, అంతకు మించి ఇందులో ఏం లేదు. పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చి, మీ ఇంట్లో అడగండి అని పంపించినా చాలు, జేజినాయన దగ్గర కూర్చుంటే గంటసేపు నడుస్తుంది.

దీర్ఘచతురస్రం అనగానే మూలలు సరిగ్గా ఉన్నాయని నమ్మేయడం ఇంకొక అలవాటు. పుస్తకంలో బొమ్మ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. చేలో, స్థలంలో అట్లా ఉండదు. మా మేస్త్రీలు గదికి ముగ్గు పోసేటప్పుడు ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వస్తుందా అని చూస్తారు, వస్తేనే మూల మట్టంగా ఉన్నట్టు. ఆ తర్వాత ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తాడు లాగి రెండూ సమానమో కాదో చూస్తారు. నాలుగు కర్రలు మూలల దగ్గర వదులుగా కట్టి పిల్లల చేతికిచ్చి ఒక పక్కకు లాగమనండి. నాలుగు వైపులా కొలతలు అవే, చుట్టుకొలత అదే, లోపల జాగా మాత్రం తగ్గుతూ తగ్గుతూ చివరికి ఏమీ లేకుండా పోతుంది. ఎదురెదురు వైపులు కూడి సగం చేసి, ఆ రెండిటినీ గుణించి ఇంత స్థలం అని చెప్పే బ్రోకర్లు ఉన్నారు కదా, మూలలు వంకరగా ఉన్నచోట ఆ లెక్కలో ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. అమ్మేవాడికి మంచిదే, కొనేవాడికే నష్టం.

సిలబస్ మార్చమని నేను అడగడం లేదు. ఉన్న పేపరులోనే, నాలుగైదు తరగతులకు పెట్టే ప్రతి పరీక్షలో ఒక్క ప్రశ్న, అందులో చుట్టుకొలత అనే మాటా వైశాల్యం అనే మాటా రెండూ లేకుండా ఇవ్వండి. దుప్పటికి చుట్టూ అంచు కుట్టాలి, ఎంత గుడ్డ పట్టీ కావాలి? గోడకు సున్నం వేయాలి, ఒక డబ్బా ఇంత జాగాకు వస్తే ఎన్ని డబ్బాలు? కోళ్ల దొడ్డికి ఒక పక్క ఇంటి గోడే ఉంది, మిగతా మూడు పక్కలకు ఎంత జాలీ? ఏ లెక్క చేశావు, ఎందుకు చేశావు అని కింద ఒక గీత వదలండి. జవాబు తప్పు పోయినా ఆ గీత మీద సరిగ్గా రాసినవాడికి మార్కు ఇవ్వండి. మొదటిసారి చాలామందికి పోతుంది, తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు, అడగనీయండి.

పరచడానికి బండలు ఎక్కడ తెచ్చేది అనే టీచర్లకు ఒక మాట. మా వైపు పాలిషింగ్ యూనిట్ల పక్కన కటింగులో పోయిన ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, నా దగ్గరికి వస్తే నేనే ఇస్తాను. అడుగు బండలు పిల్లలు మోయలేరు, అర్ధ అడుగు ముక్కలుగా కోయించుకోండి, ఒక్కోటి కిలో పైనే ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరు ఒక్కొక్కటే ఎత్తాలని చెప్పండి. అర్ధ అడుగువి నాలుగు పెడితేనే ఒక చదరపు అడుగు అవుతుంది, రెండు పెడితే కాదు, ఆ సంగతి కూడా వాళ్లే చూసుకుంటారు. తీసుకెళ్లే ముందు అంచులు ఒకసారి నూరించుకోండి, కొత్తగా కోసిన బండ వేళ్లు కోసేస్తుంది.

ఇట్లు,
ఒక బండల డిపో యజమాని,
ఎర్రగుంట్ల, కడప జిల్లా